వదిలేయడమే విద్య: స్టడ్ పోకర్ మీద ఒక సంవాదం

పేకాట అనే మాటకి తెలుగునాట రెండు ముఖాలు. పెళ్లింట్లోనో పండగపూటో చాప పరిచి, పేక కలిపి, కబుర్ల మధ్య ఆడుకునే రమ్మీ ఒకటి. పొలాలూ నగలూ మింగేసే జూదం ఇంకొకటి. రెండిటికీ వాడేది అవే 52 ముక్కలు కాబట్టి తేడా ముక్కల్లో లేదు. మరి ఆట నియమాల్లో ఉందా, ఆడేవాళ్ల తెలివిలో ఉందా, మధ్యలో పెట్టిన డబ్బులో ఉందా? ఈ ప్రశ్నని తేల్చుకోవడానికి నేను ఎంచుకున్నది స్టడ్ పోకర్. ఇది మన ఆట కాదు. అమెరికాలో 1860ల అంతర్యుద్ధ కాలంలో పాకిన ఆట. మొదట ఐదు ముక్కలతో ఆడేవారు, తర్వాత ఏడు ముక్కల రూపం నిలదొక్కుకుంది. టెక్సాస్ హోల్డెమ్ టీవీలకెక్కి ప్రపంచాన్ని ఆక్రమించక ముందు, అమెరికా తూర్పుతీరపు పోకర్ గదుల్లో ఏలిక దీనిదే. ఈ ఆట నేర్చుకోదగ్గదేనా అన్న విషయం మీద ఇద్దరి చేత వాదింపజేస్తున్నాను. ఒకరు లెక్కలు చెప్పే మాస్టారు, ఇంకొకరు జూదం చట్టాలు ఎరిగిన లాయరు. ఇద్దరి వాదాన్నీ చేతనైనంత బలంగా నిలబెట్టి, నేనెటు మొగ్గానో చివర్లో చెప్తాను.

లాయరు: మాస్టారూ, ఆట ఎలా ఆడాలో అడిగే ముందు ఎందుకు నేర్చుకోవాలో అడగాలి. చదరంగం నేర్పితే పిల్లవాడికి ముందుచూపు వస్తుందంటారు, ఒప్పుకుంటాను. అక్కడ రెండు పక్షాల బలగమూ అందరి కళ్లముందే ఉంటుంది, ఓడితే తప్పు ఎత్తుదే. పోకర్‌లో ముక్క పడటం ఎవరి చేతిలోనూ లేదు. పైగా ప్రతి వంతులోనూ పందెం కాయాలి. పందెం లేని రమ్మీ ఉంటుంది కానీ పందెం లేని పోకర్ లేదు. అదృష్టం మీద ఆధారపడి పందెం కాయడానికి మన పెద్దలు పెట్టిన పేరు జూదం. దానికి లెక్కల ముసుగు వేస్తే ఇంకా ఆకర్షణీయమైన జూదం అవుతుందే తప్ప విద్య అయిపోదు.

మాస్టారు: లాయరు గారూ, ముందు ఆటని మధ్యలో పెడదాం, తర్వాత తీర్పు చెప్దురు గాని. ఏడు ముక్కల స్టడ్‌లో బల్ల చుట్టూ ఎనిమిదిమంది దాకా కూర్చోవచ్చు. ముక్కలు పంచే ముందే అందరూ తలా ఒక చిప్పు మధ్యలో వేస్తారు, దాన్ని యాంటీ అంటారు. తర్వాత ఒక్కొక్కరికీ రెండు ముక్కలు బోర్లా, ఒకటి వెల్లకిలా వేస్తారు. వెల్లకిల ముక్కల్లో అన్నిటికన్నా చిన్నది ఎవరిదో వాళ్లు చిన్న పందెంతో ఆట మొదలుపెట్టి తీరాలి. రెండు చిన్న ముక్కలు సమానమైతే రంగు చూస్తారు. కళావరు అన్నిటికన్నా తక్కువ, ఆపైన డైమను, ఆఠీను, ఇస్పేటు. మిగతావాళ్లు వరసగా ఆ పందేనికి సరిపెట్టవచ్చు, పెంచవచ్చు, లేదా ముక్కలు పడేయవచ్చు. ఆ తర్వాత నాలుగో ముక్క, ఐదో ముక్క, ఆరో ముక్క వెల్లకిలా పడతాయి. ఏడోది మళ్లీ బోర్లా. నాలుగో ముక్క నుంచి, పైకి కనిపించే ముక్కల్లో బలమైనవి ఎవరివో వాళ్లే ముందు మాట్లాడాలి. చివరిదాకా నిలిచినవాళ్లు ఏడింట్లో తమకి నచ్చిన ఐదు చూపిస్తారు, మేటి ఐదు ఉన్నవాళ్లది మధ్యలో పోగైనదంతా. ఎనిమిదేళ్లు యాభై ఆరు, పేకలో ఉన్నవి యాభై రెండే. అందరూ చివరిదాకా ఉంటే ముక్కలే చాలవు. అలా జరిగితే ఆఖరి ముక్కని ఒక్కటే వేసి అందరికీ ఉమ్మడి చేయాలన్న నియమం ఉంది. కానీ దాని అవసరం దాదాపు రాదు. చాలామంది మధ్యలో తప్పుకుంటారన్నది ఈ ఆట కట్టుబడిలోనే ఉన్న సంగతి.

లాయరు: నియమాలు అర్థమయ్యాయి. ఐదు ముక్కల బలాబలాలు కూడా తెలుసు. ఒక జత, రెండు జతలు, ఒకే అంకె మూడు, వరస ఐదుంటే సీక్వెన్స్, ఒకే రంగు ఐదుంటే ఫ్లష్, మూడూ రెండూ కలిస్తే ఫుల్ హౌస్, అలా పైకి పోతుంది. కానీ నా ఆక్షేపణ అలాగే ఉంది. పంచిన ముక్కలు పంచినట్టే వస్తాయి. మంచివి వచ్చినవాళ్లు గెలుస్తారు, రానివాళ్లు ఓడతారు. ఇందులో మనిషి చేసేదేమిటి?

మాస్టారు: మనిషి మొదట చేసేది లెక్కపెట్టుకోవడం. 52 ముక్కల నుంచి మొదటి మూడు ముక్కలు 22,100 రకాలుగా రావచ్చు. అందులో ఒకే అంకె మూడూ వచ్చేవి 52 మాత్రమే, అంటే 425 పంపకాలకి ఒకసారి. జత వచ్చేవి 3,744. మూడూ ఒకే రంగువి 1,144. రంగు కలవకపోయినా మూడూ వరసగా ఉండేవి 720. అన్నీ కలిపితే 5,660, మొత్తంలో నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువ. కొద్దిపాటి మినహాయింపులు తీసేస్తే, ప్రతి నాలుగు పంపకాల్లో మూడింటిని చూసిన వెంటనే పడేయాలని ఈ లెక్క చెప్తోంది. ఆ మిగిలిన ఒక్కటీ కూడా ఎప్పుడూ ఆడదగ్గది కాదు. మీ దగ్గర తొమ్మిదుల జత ఉండి, మీ తర్వాత మాట్లాడాల్సినవాళ్ల ముందు రాజూ ఆసూ కనిపిస్తుంటే, ఆ జత విలువ పడిపోయినట్టే. కొత్తగా నేర్చుకునేవాళ్లు పందెం ఎలా కాయాలో నేర్చుకోవాలనుకుంటారు. స్టడ్ వాళ్లకి మొదట నేర్పేది ఎలా కాయకూడదో.

రెండోది ఇంకా ముఖ్యమైనది. మీకు మూడు ఆఠీన్లు వచ్చాయనుకోండి. ఇంకో నాలుగు ముక్కలు రావాలి, వాటిలో కనీసం రెండు ఆఠీన్లయితే ఫ్లష్. బల్ల మీద మిగతా ఏడుగురి ముందూ ఏడు వెల్లకిల ముక్కలున్నాయి. వాటిలో ఒక్క ఆఠీను కూడా లేకపోతే, కనపడని 42 ముక్కల్లో పది ఆఠీన్లు దాగి ఉన్నాయి. అప్పుడు మీకు ఫ్లష్ పడే అవకాశం నూటికి 23.6. ఆ ఏడింట్లో మూడు ఆఠీన్లు కనపడితే మిగిలినవి ఏడే, అవకాశం 12.3కి దిగిపోతుంది. రెండు సందర్భాల్లోనూ మీ చేతిలో ఉన్నవి అవే మూడు ముక్కలు. అదృష్టం ఇచ్చింది ఒకటే అయినా దాని విలువ సగానికి పడిపోయింది. ఆ తేడా మీ చేతిలో లేదు, బల్ల మీద అందరికీ కనపడేలా ఉంది. తన ముక్కల్నే చూసుకుని మురిసేవారికి అది కనపడదు, చుట్టూ చూసేవారికి కనపడుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎవరైనా తప్పుకోగానే వాళ్ల వెల్లకిల ముక్కని కూడా తీసేస్తారు. అంటే ఐదో ముక్క పడేసరికి మీకు కావలసిన సాక్ష్యంలో సగం బల్ల మీద ఉండదు, మీ జ్ఞాపకంలోనే ఉండాలి. హోల్డెమ్‌లో ఈ పని లేదు. అక్కడ నడిమి ముక్కలు అందరికీ ఉమ్మడి, తప్పుకున్నవాళ్ల ముక్కలు ఎవరికీ కనపడవు, కాబట్టి గుర్తుంచుకోవాల్సిన ముక్కలంటూ పెద్దగా ఉండవు. స్టడ్ వెనకబడటానికి ఈ శ్రమ కూడా ఒక కారణం కావచ్చు. నేర్చుకోదగ్గది కావడానికి కారణం కూడా ఆ శ్రమే.

లాయరు: అవకాశం నూటికి 23 అని తెలిసినంత మాత్రాన ముక్క పడుతుందా? 12 అయినా పడవచ్చు, 23 అయినా పడకపోవచ్చు. ఒక రాత్రి ఆటలో లెక్క తెలిసినవాళ్లు ఓడి, తెలియనివాళ్లు గెలవడం మామూలే. అమెరికాలో నిపుణులున్నారని మీరు అనవచ్చు. చిప్ రీస్ స్టడ్ ఆటలో ఆరితేరినవాడని, పోకర్ నిపుణుడు డాయల్ బ్రన్సన్ పుస్తకంలో స్టడ్ అధ్యాయం రాసింది ఆయనేనని, 2006లో ఐదు రకాల పోకర్ కలిపి మొదటిసారి పెట్టిన యాభై వేల డాలర్ల ప్రవేశ రుసుము పోటీలో గెలిచింది కూడా ఆయనేనని నాకూ తెలుసు. కానీ గెలిచిన ఒక్క పేరు చూపించడం వాదం కాదు. అలాంటి పోటీల్లో ఓడి ఇంటికి పోయినవాళ్ల పేర్లు ఎవరు రాసి పెట్టారు?

మాస్టారు: ఒక్క పేరు సాక్ష్యం కాదన్నది నిజమే, ఆ పేరు మీద నేను ఆధారపడను. ఒక రాత్రి ఫలితాన్ని అదృష్టం శాసిస్తుందన్నదీ నిజమే. నేను అడిగే ప్రశ్న వేరు. ఫలితం మన చేతిలో లేనప్పుడు నిర్ణయం మంచిదో చెడ్డదో చెప్పగలమా? స్టడ్ అందుకు కొలత ఇస్తుంది. ఆరు ముక్కలు పడ్డాయి, మీ దగ్గర నాలుగు ఆఠీన్లున్నాయి, ఇంకొక్కటి పడితే గెలుపు అనుకుందాం. ఎదుటివాళ్లు ఇప్పుడే పెట్టిన 20తో కలిపి మధ్యలో 120 చిప్పులున్నాయి. ఆట కొనసాగించడానికి మీరు 20 పెట్టాలి. ఇప్పటిదాకా ఇతరుల ముందు మీరు చూసిన ముక్కలు పది, మీవి ఆరు, కాబట్టి చూడనివి 36. ఆ పదింట్లో ఆఠీను ఒక్కటీ లేకపోతే 36లో తొమ్మిది మీకు పనికొస్తాయి, అంటే నాలుగింట ఒకటి. నాలుగుసార్లు ఆడితే ఒకసారి 120 వస్తుంది, మూడుసార్లు కలిపి 60 పోతుంది. పెట్టాలి. ఆ పదింట్లో ఐదు ఆఠీన్లు వెళ్లిపోయి ఉంటే మిగిలినవి నాలుగే, అంటే తొమ్మిదింట ఒకటి. తొమ్మిదిసార్లు ఆడితే ఒకసారి 120 వస్తుంది, ఎనిమిదిసార్లు కలిపి 160 పోతుంది. వదిలేయాలి. వదిలేసిన తర్వాత ఆ ఏడో ముక్క ఆఠీనే అయి ఉండవచ్చు. అయినా వదిలేయడమే సరైన పని. ఫలితాన్ని బట్టి కాకుండా, నిర్ణయం తీసుకునే వేళ చేతిలో ఉన్న సాక్ష్యాన్ని బట్టి నిర్ణయాన్ని తూచడం ఇదే. రైతు ఏ పంట వెయ్యాలన్నా, వైద్యులు ఏ మందు ఇవ్వాలన్నా ఇలాంటి తూనికే. వాన పడకపోయినంత మాత్రాన విత్తనం ఎంచుకోవడం తప్పయిపోదు.

ఈ లెక్కలో ఒక మాట లేదు, గమనించారా? మీరు అప్పటికే మధ్యలో ఎంత పెట్టారన్న మాట. అది ఎక్కడా రాలేదు, ఎందుకంటే దానికి ఈ నిర్ణయంతో సంబంధం లేదు. మధ్యలోకి తోసిన చిప్పు మీది కాదు, ఎవరిదీ కాదు. ఇక ముందు పెట్టాల్సింది ఎంత, రాగలిగింది ఎంత, అవకాశం ఎంత, ఈ మూడే ప్రశ్నలు. స్టడ్‌లో దీన్ని బాగా పరీక్షించే చోటు ఐదో ముక్క. పందెం హద్దు పది, ఇరవై అని పెట్టుకున్న ఆటలో మూడో, నాలుగో ముక్కల దగ్గర పందెం పది, ఐదో ముక్క నుంచి ఇరవై. నాలుగో ముక్క దగ్గర ఎవరికైనా పైకే జత కనపడితే అక్కడే ఇరవై కాయవచ్చు, అదొక్కటే మినహాయింపు. చవగ్గా వచ్చింది కదా అని అక్కడిదాకా వచ్చినవాళ్లకి ఐదో ముక్క దగ్గర ధర రెట్టింపవుతుంది. అక్కడ ఒకసారి సరేనంటే, మధ్యలో పోగు పెరిగిపోయి, ఆరుకీ ఏడుకీ కూడా సరే అనాల్సి వస్తుంది. కాబట్టి అసలు నిర్ణయం ఐదో ముక్క దగ్గరే. 'ఇంతదాకా వచ్చాం కదా' అన్న మాట అక్కడ పుడుతుంది, దాన్ని అక్కడే తుంచాలి. మనకో సామెత ఉంది, పోయిన చోటే వెతుక్కోవాలని. ఉంగరం పోతే అది మంచి మాట. పేకముక్కల దగ్గర అంత చెడ్డ మాట ఇంకొకటి లేదు. జూదగాళ్ల కొంప ఆర్పేది ఆ సామెతే. స్టడ్ సరిగ్గా నేర్చుకున్నవాళ్లు దాన్ని మరిచిపోవడం నేర్చుకుంటారు.

లాయరు: ఆ మాట నాకు నచ్చింది. అయినా ఇంకో దోషం చెప్తాను. మీ ఆటకి మరో మూలస్తంభం బ్లఫ్, అంటే లేనిది ఉన్నట్టు నమ్మించడం. చేతిలో ఏమీ లేకుండా పందెం పెంచి ఎదుటివాళ్లని భయపెట్టి తప్పించడం. అబద్ధానికి బహుమతి ఇచ్చే ఆటని పిల్లలకి విద్య అని ఎలా చెప్తారు?

మాస్టారు: బ్లఫ్‌ని అబద్ధమంటే క్రికెట్‌లో గూగ్లీనీ అబద్ధమనాలి. నియమాలకి లోబడి, అందరికీ తెలిసి, ఎవరైనా ఎవరి మీదైనా వాడగల ఎత్తు అది. అది పోకర్‌లో అదనంగా అతికించినది కూడా కాదు. గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మాన్, ఆర్థికవేత్త ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్ కలిసి 1944లో ఆటల సిద్ధాంతం మీద రాసిన పుస్తకంలో పోకర్‌కి ఒక విభాగమే ఉంది. పోకర్‌ని కుదించి ఒక నమూనాగా కట్టి చూస్తే, అప్పుడప్పుడూ బలహీనమైన ముక్కలతో పందెం పెంచడం మేలైన ఆటలో తప్పనిసరి భాగంగా తేలింది. కారణం తేలికైనదే. మంచి ముక్కలు వచ్చినప్పుడే పెంచేవారి పందెం చూసి అందరూ తప్పుకుంటారు, వాళ్ల మంచి ముక్కలు కూడా వృథా. స్టడ్‌లో ఇంకో అందం ఉంది. ఏడింట్లో నాలుగు ముక్కలు వెల్లకిలా ఉంటాయి కాబట్టి నోటికొచ్చిన కథ చెప్పడం కుదరదు. నాలుగు ఆఠీన్లు పైకి కనపడితే ఫ్లష్ ఉందని నమ్మించవచ్చు. కానీ ఆఠీన్లలో సగం ఇతరుల ముందు పడి ఉంటే లెక్క తెలిసిన ఎదుటివాళ్లు నమ్మరు. మూడో ముక్క నుంచి బ్లఫ్ చేసేవాళ్లు కాసిన తీరు ఈ కథకి పొసుగుతోందా అని కూడా చూస్తారు. అంటే స్టడ్‌లో ప్రతి పందెమూ ఒక వాదన, దాన్ని పరీక్షించే సాక్ష్యం సగానికి పైగా బల్ల మీదే ఉంటుంది. ఎదుటివాళ్లు చెప్పే మాటని కళ్లముందున్న ఆధారాలతో పోల్చి చూడటం అబద్ధమాడటం నేర్పదు, అబద్ధాన్ని పట్టుకోవడం నేర్పుతుంది.

లాయరు: సరే, చట్టం దగ్గరికి వస్తాను. ఇక్కడ మీకు అనుకూలమైన మాట నేనే చెప్తాను. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పాత హైదరాబాద్ జూదం చట్టం కింద పెట్టిన కేసులో, 1968లో సుప్రీంకోర్టు పదమూడు ముక్కల రమ్మీని ప్రధానంగా నైపుణ్యం గల ఆటగా తేల్చింది. మూడు ముక్కలాట వంటి అదృష్టపు ఆటలతో దాన్ని కలపకూడదంది. ముక్కలు పడే తీరు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలివితో ఎంచుకోవాలి అన్నది అందుకు చెప్పిన కారణం. మీ స్టడ్‌కి కూడా ఆ గీటురాయే వాడతారని నాకు తెలుసు. కానీ ఆ తీర్పులో రెండో సగం కూడా ఉంది. ఆ ఆట మీద క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్టు రుజువైతే నేరం కావచ్చని కోర్టు అక్కడే చెప్పింది. అమెరికాలో కూడా 2012లో న్యూయార్క్ న్యాయమూర్తి జాక్ వైన్‌స్టీన్ పోకర్‌లో నైపుణ్యమే ఎక్కువని తీర్పిస్తే, 2013లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. జూదపు వ్యాపారం మీద ఉన్న ఆ ఫెడరల్ చట్టానికి నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నతో పనిలేదంది. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందెపు ఆటల్ని నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఎందుకని? నైపుణ్యం ఉన్నంత మాత్రాన కొంపలు నిలబడవని దేశం చూసింది కాబట్టి.

ఇంకా లోతుగా చెప్తాను. అచ్చమైన అదృష్టపు ఆటలో ఓడినవాళ్లు తమ రాత అనుకుని లేచిపోవచ్చు. సగం నైపుణ్యం ఉన్న ఆటలో ఓడినవాళ్లు 'నాకు ఆట తెలుసు, ఈసారి తిరగబడింది, వచ్చేసారి నాదే' అనుకుంటారు. గెలిచినప్పుడు తెలివి, ఓడినప్పుడు దురదృష్టం. నేర్పు ఉందన్న నమ్మకమే వాళ్లని కుర్చీకి కట్టేస్తుంది. మహాభారతంలో ధర్మం అందరికన్నా తెలిసినవాడు ధర్మరాజు, నేర్పు అందరికన్నా ఉన్నవాడు శకుని. ఒకరి ధర్మం కాపాడలేదు, ఇంకొకరి నేర్పు ఎవరికీ మేలు చేయలేదు.

మాస్టారు: భారతం దాకా వచ్చారు కాబట్టి అరణ్యపర్వానికి కూడా రండి. అన్నీ పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజుకి బృహదశ్వ మహర్షి చెప్పిన కథ నలుడిది. పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడికి రథం తోలుతుంటాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టుని చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్తాడు. నలుడు నమ్మక చెట్టు నరికి లెక్కపెడితే సరిగ్గా సరిపోతాయి. అప్పుడు ఋతుపర్ణుడి దగ్గర నేర్చుకున్నదే అక్షహృదయం, పాచికల రహస్యం. లెక్కపెట్టే విద్యనీ పాచికల విద్యనీ ఒకేచోట పెట్టింది ఆ కథ. ఆ విద్య అందగానే నలుణ్ణి పట్టిన కలి అతన్ని వదిలిపోతాడు. కథ చివర బృహదశ్వుడు ధర్మరాజుకి చేసిన హితబోధ ఏమిటి? ఇక పాచికలు ముట్టుకోకు అనలేదు, అదే అక్షహృదయం అతనికీ నేర్పాడు. మన పెద్దలకి జూదం చేసే చెరుపు తెలుసు. దాన్ని జయించడానికి వాళ్లు ఎంచుకున్న మందు తెలియనితనం కాదు, తెలివిడి. ధర్మరాజుకి ధర్మం తెలుసు, లేనిది ఈ లెక్క. ఎప్పుడు లేవాలో ఆయనకి తెలియలేదు.

మీ రెండో మాటకి సూటిగానే జవాబు చెప్తాను. డబ్బు పెట్టి ఆడే స్టడ్‌ని నేను సమర్థించను, ఆ మాట చెప్పేది కూడా నా లెక్కే. బల్ల చుట్టూ ఎనిమిదిమంది ఆడితే ఒకరికి వచ్చిందంతా మిగతావాళ్లకి పోయిందే, మొత్తం సున్నా. ఆట నడిపే గది ప్రతి పోగులోంచి తన వాటా తీసుకుంటే ఆ మొత్తం సున్నాకన్నా దిగువకి పోతుంది. ఎనిమిదిమందీ మహా నిపుణులైనా సరే, అందరినీ కలిపి చూస్తే ఓడినవాళ్లే. మీరు చెప్పిన సగం నేర్పు ప్రమాదం నిజమే, కానీ దానికి మందు మిగతా సగం నేర్పు. నూటికి 12 అవకాశం అంటే ఏమిటో ఒళ్లంతా ఎక్కినవాళ్లు 'వచ్చేసారి నాదే' అనలేరు. ఆ మాట అనగలిగితే వాళ్లు నేర్చుకున్నది పందెం కాయడమే, ఆట కాదు.

లాయరు: అయితే డబ్బు తీసేద్దాం. తీసేస్తే మీ ఆట బతుకుతుందా? ఊరికే వచ్చిన చిప్పులతో ఆడేవాళ్లు ఎందుకు ముక్కలు పడేస్తారు? నూటికి రెండు అవకాశమున్నా సరదాగా చివరిదాకా చూస్తారు. నష్టం లేని చోట మీ వదిలేసే విద్యకి చోటే లేదు. నష్టం ఉంటే జూదం, లేకపోతే ఆట కాదు. ఈ చిక్కులోంచి ఎలా బయటపడతారు?

మాస్టారు: ఇది మీరు వేసిన ప్రశ్నలన్నిటిలోకీ బలమైనది. జవాబు ఏమిటంటే, వదిలేయడం నేర్పేది డబ్బు కాదు, పరిమితి. తలా రెండు వందల చిప్పులో చింతపిక్కలో పంచండి. అయిపోతే మళ్లీ ఇవ్వకూడదు, కొనకూడదు, అప్పు పెట్టకూడదు. అయిపోయినవాళ్లు లేచి పక్కన కూర్చుని చూడాలి. వాటికి బజార్లో విలువ లేదు, కానీ ఆ పూట ఆటలో కొనసాగే హక్కు వాటిలో ఉంది. ఆ హక్కుని తొమ్మిదింట ఒకటి అవకాశం మీద ఒడ్డాలా వద్దా అన్న ప్రశ్న నిజమైన ప్రశ్నే. పరీక్షలో మూడు గంటల సమయానికి రూపాయి విలువ లేదు, అయినా రాని లెక్క దగ్గర అరగంట పోగొట్టుకున్న విద్యార్థికి ఆ నష్టం తెలుస్తుంది. పందెం అంటే నా దృష్టిలో తిరిగిరాని దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలన్న ఎంపిక. సమయం, శ్రమ, మాట, నమ్మకం, వీటన్నిటితో మనిషి రోజూ చేసేది అదే.

లాయరు: ఆ షరతు మీద నా అభ్యంతరం తగ్గించుకుంటాను, కానీ పూర్తిగా వదులుకోను. చింతపిక్కలతో మొదలైనది నాణేలకి మారడానికి ఎంతో కాలం పట్టదు. మీరు లెక్క నేర్పే ముందు ఈ హద్దు నేర్పాలి. ముక్కలు ఎప్పుడు పడేయాలో చెప్పే పాఠం కన్నా, ఏ బల్ల దగ్గర అసలు కూర్చోకూడదో చెప్పే పాఠం ముందు రావాలి.

మాస్టారు: ఆ పాఠం ముందు రావాలన్నది ఒప్పుకుంటున్నాను. స్టడ్‌లో మొదటి నిర్ణయం మూడో ముక్క దగ్గర అన్నాను, మీరు దాన్ని ఒక అడుగు వెనక్కి జరిపారు. కుర్చీ లాక్కునే ముందే మొదటి నిర్ణయం జరిగిపోతుంది. లెక్క కూడా అదే చెప్తుంది.

ఇద్దరి మాటా ఇక్కడ ఆపుతున్నాను. నేను మొగ్గింది మాస్టారి వైపు, అయితే లాయరు పెట్టిన హద్దు లోపల. ఆటనీ జూదాన్నీ విడదీసే గీత అదృష్టం దగ్గర లేదు. అదృష్టం లేని పని లోకంలో చాలా తక్కువ. ఆ గీత కేవలం నైపుణ్యం దగ్గరా లేదు. నైపుణ్యం దగ్గర గీత గీస్తే శకుని మంచి ఆటగాడైపోతాడు. నాకు కనపడిన గీత ఇది: ఎదుట ఉన్న సాక్ష్యాన్ని చూసి వదిలేయగలిగినంతసేపు అది ఆట, వదిలేయలేకపోయిన క్షణం నుంచి జూదం. డబ్బు మధ్యలోకి వస్తే ఆ క్షణం దగ్గరపడుతుంది, అందుకే దాన్ని బయట ఉంచాలన్న లాయరు మాట సరైనది. బయట ఉంచాక మిగిలే స్టడ్ పోకర్ మనకి అరుదైన సాధన ఇస్తుంది. చదరంగంలో సాక్ష్యమంతా ఎదురుగానే ఉంటుంది, మూడు ముక్కలాటలో దాదాపు ఏమీ ఉండదు. బతుకులో సాధారణంగా ఉండేది ఈ రెండిటి నడుమ ఉన్న స్థితి. కొంత వెల్లకిలా కనపడుతుంది, కొంత బోర్లా దాగి ఉంటుంది, కొంత ఇంతకుముందు కనపడి ఇప్పుడు మన జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. వీటిని కలిపి తూచి, ఇప్పటిదాకా పెట్టిందాన్ని తలచుకోకుండా, ముందున్నదాన్ని మాత్రమే చూసి నిర్ణయించడం మాటలతో చెప్తే రాదు, చేతులతో చేసి చూడాలి. స్టడ్ నేర్చుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. మొదటి రోజు మీ రెండు బోర్లా ముక్కల్ని ఆఖరున చూడండి. ముందు బల్ల చుట్టూ ఉన్న ఏడు ముక్కల్నీ ఒక్కొక్కటిగా చదివి మనసులో పెట్టుకోండి. ఆ తర్వాత మీవి ఎత్తి చూస్తే, వాటిని ఎప్పుడు పడేయాలో మీకు సగం ముందే తెలిసి ఉంటుంది.